టీబీ మందులు వాడుతున్నా అన్నయ్యకు ఆకలి పుట్టడం లేదు, ఆకలి సిరప్ ఇవ్వొచ్చా?

గోదారి_తమ్ముడు | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 34 ఏళ్లు, రాజమండ్రిలో టైల్స్ పని చేస్తాడు. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది, మందులు మొదలుపెట్టి నెల దాటింది. మనిషి 5 అడుగుల 6 అంగుళాలు. ఒకప్పుడు 58 కిలోలుండేవాడు, ఇప్పుడు 46. జ్వరం పోయింది, దగ్గు సగానికి తగ్గింది. తిండి దగ్గరే వచ్చింది గొడవంతా.

వదిన పప్పన్నం, గుడ్డు పెడుతుంది. రెండు ముద్దలు తింటాడు. మూడో ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కాసేపు కూర్చుంటాడు, తర్వాత కంచంలోనే చేయి కడిగేస్తాడు. "వాడిది మొండితనం, తినకపోతే మందులేం పనిచేస్తాయి" అని అమ్మ రోజూ అరుపులు. వదిన ఏడుపు. మెడికల్ షాపతను ఆకలి పుట్టే సిరప్ ఉంది, ఇమ్మంటే ఇస్తానన్నాడు.

టీబీలో ఆకలి హార్మోన్లు తారుమారవుతాయని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే అమ్మకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఛాతీ_పీజీ | ఆదివారం, రాత్రి 10:25

పల్మనాలజీ (ఊపిరితిత్తుల వైద్యం) పీజీ చేస్తున్నాను. హార్మోన్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇవి చెప్పండి.

ఆకలే లేదా, లేక ఆకలి ఉన్నా వికారం వల్ల తినలేకపోతున్నాడా? రెండూ వేరు. మాత్రలు ఏ టైముకి వేసుకుంటున్నాడు? వాంతులున్నాయా? కళ్లు పచ్చబడ్డాయా? మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు. ముదురు గోధుమ రంగులో వస్తూ, కళ్లు పచ్చగా ఉండి, వాంతులు కూడా ఉంటే మాత్రం లివర్ దెబ్బతింటున్నట్టు అనుమానించాలి. అప్పుడు ఆ పూట మాత్ర వేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పాదాల్లో వాపు ఉందా? షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారా? ఖైనీ, సిగరెట్, మందు అలవాట్లున్నాయా?

గోదారి_తమ్ముడు | ఆదివారం, రాత్రి 10:48

సార్, కళ్లు బాగానే ఉన్నాయి, వాపు లేదు. షుగర్, హెచ్‌ఐవీ మొదట్లోనే చూశారు, రెండూ లేవు. పొద్దున్నే 6 గంటలకు ఖాళీ కడుపున మాత్రలు వేసుకుంటాడు. 11 దాకా కడుపులో తిప్పుతుందంటాడు, వాంతి మాత్రం అవదు. సాయంత్రానికి తిప్పడం ఉండదు, అయినా తినబుద్ధి కాదు. ఖైనీ వేస్తాడు, మానమంటే తగ్గించానంటాడు.

ఛాతీ_పీజీ | ఆదివారం, రాత్రి 11:05

అయితే రెండూ కలిసి ఉన్నాయి. పొద్దుటి వికారం మాత్రల వల్ల, సాయంత్రం తినబుద్ధి కాకపోవడం జబ్బు వల్ల. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒంటికి బాగా పడుతుంది కాబట్టి అలా చెబుతారు. వికారం మరీ ఇబ్బంది పెడితే కొద్దిగా ఏదైనా తిని వేసుకోవడమో, రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవడమో చేయొచ్చు. మీ టీబీ యూనిట్‌లో అడిగి మార్చండి. మాత్ర మానేయడం మాత్రం వద్దే వద్దు. గ్యాస్‌కని యాంటాసిడ్ కూడా దాంతో కలిపి తాగించొద్దు, మందు సరిగా ఒంటబట్టదు.

ఖైనీ సంగతి తేలిగ్గా తీసుకోకండి. నికోటిన్ ఆకలిని చంపుతుంది.

బయోకెమ్_మేడమ్ | సోమవారం, ఉదయం 7:15

హార్మోన్ల ప్రశ్న నేను తీసుకుంటాను, క్లాసులో చెప్పే పాఠమే ఇది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆకలి విషయంలో ముగ్గురిని గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది గ్రెలిన్. జీర్ణాశయంలో తయారై, కడుపు ఖాళీ అయినప్పుడు పెరిగి, తినమని మెదడుకు చెబుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. రెండోది లెప్టిన్. ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడుకు లెక్క చెప్పేది ఇదే, కొవ్వు కణాల నుంచి వస్తుంది. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీని జన్యువును పట్టుకుంది. మూడోది పెప్టైడ్ వైవై, పొట్టిగా పీవైవై. భోంచేశాక చిన్నపేగు చివర్న, పెద్దపేగులో ఉండే ఎల్ కణాలు దీన్ని వదులుతాయి. ఇక చాలు అని చెప్పడం దీని పని. ఎంత ఎక్కువ తింటే అంత ఎక్కువగా వస్తుంది.

మామూలుగా మనిషి చిక్కిపోతే ఏమవ్వాలి? కొవ్వు కరిగింది కాబట్టి లెప్టిన్ తగ్గాలి, గ్రెలిన్ పెరగాలి, పీవైవై తగ్గాలి. అంటే ఆకలి దంచేయాలి. డైటింగ్ చేసి బరువు తగ్గినవాళ్లలో జరిగేది అదే. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాదికి కూడా వాళ్ల హార్మోన్లు ఇంకా తినమనే పోరుతున్నాయి.

టీబీలో కథ వేరు. 2013లో ప్లాస్ వన్ పత్రికలో బొలీవియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కొత్తగా ఊపిరితిత్తుల టీబీ బయటపడ్డ 41 మందిని, 82 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు. రోగుల్లో లెప్టిన్ తక్కువ, గ్రెలిన్ ఎక్కువ. ఇక్కడిదాకా చిక్కిపోయిన ఒంట్లో ఉండాల్సినట్టే ఉంది. పీవైవై మాత్రం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంది. అది ఎంత ఎక్కువుంటే ఆకలి అంత తక్కువ. అంటే గ్రెలిన్ వంటింట్లోంచి అన్నానికి రమ్మని కేకేస్తుంటే, పీవైవై మధ్యలో తలుపు గడియ పెట్టేసిందన్న మాట.

చికిత్స మొదలైన 30వ రోజు, 60వ రోజు మళ్లీ కొలిచారు. పీవైవై, గ్రెలిన్ దిగాయి, లెప్టిన్ పెరిగింది, ఆకలీ బరువూ మెరుగయ్యాయి. మొదట్లో పీవైవై బాగా ఎక్కువున్నవాళ్లకు మాత్రం ఆకలి తక్కువగానే పెరిగింది, ఒంట్లో కొవ్వు కూడా అంతే. మీ అన్నయ్య ఆ కోవలోని మనిషో కాదో ఇక్కడ కూర్చుని చెప్పలేం. కానీ నెల దాటినా ఆకలి రాకపోవడం మొండితనం కాదని అమ్మగారికి ధైర్యంగా చెప్పొచ్చు.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 8:02

మేడమ్, 41 మంది మీద చూసి ఇంత గట్టిగా చెప్పొచ్చా? పైగా పీవైవై ఎక్కువుండటం, ఆకలి తక్కువుండటం రెండూ కలిసి కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని ఎలా అంటాం? జబ్బు ముదిరినవాళ్లలో రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఉండొచ్చు కదా.

బయోకెమ్_మేడమ్ | సోమవారం, ఉదయం 8:40

మాస్టారూ, మీ పాయింటు సరైనదే. ఆ పరిశోధకులు కూడా చిక్కిపోవడంలో "కొంత భాగం" పీవైవై వల్ల కావచ్చనే అన్నారు. అయితే పీవైవై పెరగడమే విచిత్రం. తిండి తగ్గినందువల్లనే అయితే అది తగ్గి ఉండాల్సింది. కాబట్టి ఆకలి లేక తినకపోవడం వల్లే పీవైవై పెరిగిందని తిరగేసి చెప్పడం కష్టం.

హార్మోన్లొక్కటే కారణమని నేనూ అనను. ఒళ్లు క్రిమితో పోరాడేటప్పుడు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ లాంటి సంకేత రసాయనాలు తయారవుతాయి. అవి నేరుగా మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్ అనే భాగం మీద పనిచేసి ఆకలిని నొక్కేస్తాయి, కండనూ కరిగిస్తాయి. టీఎన్‌ఎఫ్‌కి ఒకప్పుడు కెకెక్టిన్ అనే పేరు కూడా ఉండేది, చిక్కిపోయేలా చేసేదని. లెప్టిన్ తగ్గితే ఇంకో నష్టం కూడా ఉంది. రోగనిరోధక టీ కణాలు సరిగా పనిచేయడానికి లెప్టిన్ కావాలి. చిక్కిపోయిన ఒంట్లో అది అడుగంటితే పోరాటం కూడా బలహీనపడుతుంది.

డల్లాస్_వనజ | సోమవారం, ఉదయం 9:10

ఇక్కడ సగం ఆఫీసు ఆకలి చంపుకోవడానికి ఒజెంపిక్ ఇంజెక్షన్లు వేసుకుంటోంది. ఆ మందు అనుకరించే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ కూడా ఈ ఎల్ కణాల నుంచే వస్తుంది కదా మేడమ్? వీళ్లు డబ్బులు పోసి కొనుక్కునే పరిస్థితి టీబీ వాళ్లకి ఊరికే వచ్చి మీద పడిందన్న మాట.

బయోకెమ్_మేడమ్ | సోమవారం, ఉదయం 9:22

అవును, అవే కణాలు.

పాత_కాపు_ఆటో | సోమవారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, నాకు టీబీ వచ్చి తగ్గి ఏళ్లయింది. వరంగల్‌లో ఆటో నడుపుతా. శాస్త్రం నాకు తెలియదు, నా అనుభవం చెబుతా.

ఆకలి లేకపోవడమంటే కడుపు నిండినట్టు కాదు. నోట్లో అన్నం పెట్టుకుంటే మింగాలని గుర్తు రాదు. నమిలి నమిలి అది బంక అవుతుంది. పక్కనవాళ్లు "తిను తిను" అంటుంటే గొంతు ఇంకా బిగుసుకుపోతుంది. మా ఆవిడ నన్ను చూడటం మానేసి, గిన్నెలో వేయించిన పల్లీలు, బెల్లం ముక్క నా పక్కన పెట్టి వెళ్లిపోయేది. ఏదో ఆలోచిస్తూ ఒకటొకటి నోట్లో వేసుకునేవాణ్ని. సాయంత్రానికి గిన్నె ఖాళీ.

ఆకలి తిరిగొచ్చినప్పుడు మాత్రం మామూలుగా రాలేదు. రాత్రి పదింటికి లేచి చద్దన్నంలో పెరుగు, పచ్చిమిరపకాయ వేసుకుని తిన్నా. మీ అమ్మగారితో చెప్పు, అన్నయ్య తినేటప్పుడు ఎదురుగా కూర్చోవద్దని.

అమ్మమ్మ_వంటిల్లు | సోమవారం, మధ్యాహ్నం 2:15

పెరుగు పెడితే దగ్గు ఎక్కువవుతుందని, గుడ్డు వేడని మా ఊళ్లో టీబీ వాళ్లకు ఇవ్వరు. ఉప్పుడు బియ్యం గంజి, పథ్యం కూర. మా పక్కింటావిడ గాడిద పాలు కూడా తెప్పించింది. ఇవన్నీ మానాలంటారా?

ఛాతీ_పీజీ | సోమవారం, సాయంత్రం 4:40

అమ్మా, ఈ పథ్యాలే మా వార్డులో సగం తలనొప్పి. టీబీకి పథ్యం లేదు. పెరుగు, గుడ్డు, చేప, మాంసం అన్నీ పెట్టొచ్చు. గాడిద పాలకు పెట్టే డబ్బుతో నెలంతా గుడ్లొస్తాయి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పల్చటి గంజితో కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం ఏమీ అందదు.

తినేది రెండు ముద్దలే అయినప్పుడు ఆ రెండు ముద్దల్లోనే బలం ఉండాలి. పప్పన్నంలో ఒక పెద్ద చెంచా నూనెగానీ నెయ్యిగానీ కలిపితే దాదాపు 120 కేలరీలు కలుస్తాయి, అన్నం పెరగదు. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, 170 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్. రాగి జావ నీళ్లతో కాకుండా పాలతో కాచి, బెల్లం, పల్లీల పొడి కలపండి. రోజుకు మూడుసార్లు పెద్ద కంచం పెట్టే బదులు రెండు మూడు గంటలకోసారి చిన్న గిన్నె. పొద్దున వికారముంటే అప్పుడు పట్టుబట్టకండి, సాయంత్రం ఎక్కువ పెట్టండి.

బయోకెమ్_మేడమ్ | సోమవారం, సాయంత్రం 5:05

ఒక్కసారే పెద్ద భోజనం పెడితే పీవైవై కూడా ఒక్కసారే ఎగబాకుతుంది. అసలే ఎక్కువగా ఉన్నవాళ్లకు చిన్న చిన్న గిన్నెలే నయమనేది నా ఊహ. ఇది పరీక్షించి తేల్చిన విషయమని అనుకోవద్దు.

గోదారి_తమ్ముడు | సోమవారం, రాత్రి 8:30

చాలా థాంక్సండీ. సిరప్ సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మ రేపు తెమ్మంటోంది.

ఛాతీ_పీజీ | సోమవారం, రాత్రి 9:00

షాపుల్లో ఆకలికని ఇచ్చేది ఎక్కువగా సైప్రోహెప్టడిన్. అసలు అది అలెర్జీ మందు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడం వల్ల కొందరికి ఆకలి పెరుగుతుంది, నిద్రమత్తు కూడా వస్తుంది. పీవైవై పెరిగి ఉండటానికీ, ఒంట్లో జబ్బుకీ అది చేసేదేమీ లేదు. వాడాలా వద్దా అనేది మీ డాక్టర్ చూసి చెప్పాలి, షాపతను కాదు. ఇంకో మాట, "బలానికి" అని కొన్నిచోట్ల స్టెరాయిడ్ మాత్రలు అంటగడతారు. వాటితో ఆకలి పెరిగినట్టు, ముఖం నిండినట్టు కనిపిస్తుంది. వెనకాల షుగర్ పెరుగుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. డాక్టర్ రాయకుండా వాటి జోలికి పోవద్దు.

వేదిక_నిర్వాహకులు | సోమవారం, రాత్రి 9:15

మందుల డోసులు ఎవరూ రాయొద్దని మనవి. రెండు వ్యాఖ్యలు తొలగించాం.

కడప_కవిత | మంగళవారం, ఉదయం 10:20

మా అత్తగారికి టీబీ, మందులు మూడో నెల. ఈవిడది తిరగేసిన కేసు. ఆకలి బ్రహ్మాండంగా ఉంది, మూడు పూటలా తింటారు, అయినా బరువు పెరగడం లేదు, ఇంకా తగ్గారు. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు. ఈ హార్మోన్ల వల్లేనా?

ఛాతీ_పీజీ | మంగళవారం, ఉదయం 11:00

కాదండీ. ఇవాళే షుగర్ చూపించండి. తింటూ బరువు తగ్గడం, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రం రావడం అంటే ముందు అనుమానించాల్సింది డయాబెటిసే. టీబీ వచ్చిన ప్రతివాళ్లకీ షుగర్ పరీక్ష చేయాలి. ఇంతకుముందే షుగర్ మాత్రలు వాడుతుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి, రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల ప్రభావాన్ని తగ్గించేస్తుంది.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

నాదింకో సందేహం. తిండి పెడితేనే నయమవుతుందా, మందుతోనే నయమవుతుందా? ఇక్కడ రెండూ కలిపేస్తున్నారు.

బయోకెమ్_మేడమ్ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

మాస్టారూ, దీనికి మన పక్క రాష్ట్రంలోనే జవాబు దొరికింది. ఒకప్పుడు టీబీ అంటే శానటోరియమే, అంటే రోగులు నెలల తరబడి ఉండే ఆసుపత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి అలాంటివే. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మద్రాసులో టీబీ మందుల మీద పరిశోధన చేసే కీమోథెరపీ సెంటర్ వాళ్లు కొందరిని శానటోరియంలో పెట్టి, కొందరిని వాళ్ల ఇళ్లల్లోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. శానటోరియం వాళ్లు బాగా తిన్నారు, బరువు కూడా వాళ్లకే ఎక్కువ పెరిగింది. ఇళ్లల్లో ఉన్నవాళ్లది పేదతిండి, పైగా పనులూ చేసుకున్నారు. అయినా ఏడాది తర్వాత జబ్బు నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచమంతా టీబీకి ఇంట్లోనే వైద్యం మొదలుపెట్టింది దీని తర్వాతే. అంటే క్రిమిని చంపేది మందే.

అలాగని తిండి లెక్కలోకి రాదని కాదు. ఝార్ఖండ్‌లో 4 జిల్లాల్లో, 2800 మంది రోగులతో రేషన్స్ అనే అధ్యయనం జరిగింది. మంగళూరుకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ నడిపించారు, 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. రోగులందరికీ నెలకు 10 కిలోల సరుకులిచ్చారు. బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. కొన్ని ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లకు కూడా బియ్యం, పప్పు ఇస్తే, వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది.

ఛాతీ_పీజీ | మంగళవారం, సాయంత్రం 6:20

తిన్నదంతా కండగా మారకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యులతో కలిసి బ్రిటన్ పరిశోధకులు చేసిన పనిలో, టీబీ రోగులు తిన్న ప్రొటీన్‌ను కండ కట్టడానికి బదులు ఎక్కువగా మండించి ఖర్చు చేసేస్తున్నారని తేలింది. మందు పనిచేసి జబ్బు మంట చల్లారేకొద్దీ తిన్నది ఒంటబడుతుంది. అందుకే మొదటి నెలలో కిలో కూడా పెరగలేదని ఇంట్లోవాళ్లు డీలా పడితే నేను కోప్పడతాను. మందు పనిచేస్తోందా లేదా చెప్పేది రెండో నెల చివర చేసే తెమడ పరీక్ష. బరువు దానికి తోడు.

టీబీ_సూపర్‌వైజర్_ఉత్తరాంధ్ర | బుధవారం, ఉదయం 6:45

ఫీల్డ్‌లో తిరిగేవాణ్ని, ఆలస్యంగా చూశాను. గోదారి తమ్ముడు గారూ, రెండు విషయాలు.

ప్రతి నెలా ఒకే కాటా మీద బరువు చూడండి. మాత్రల లెక్క బరువును బట్టే. 35 నుంచి 49 కిలోల దాకా రోజుకు 3 మాత్రలు, 50 నుంచి 64 దాకా 4. మీ అన్నయ్య 50 దాటితే యూనిట్‌లో చెప్పాలి, డోసు మార్చాలో లేదో వాళ్లు చూస్తారు. (నిర్వాహకులు గారూ, ఇది ప్రభుత్వ కార్డు మీద ఉన్నదే, తీసేయకండి.)

రెండోది డబ్బు. టీబీ రోగుల తిండి ఖర్చుకని ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మందులు వాడినంత కాలం వస్తుంది. చాలామందికి పడకపోవడానికి కారణం ఆధార్, బ్యాంకు ఖాతా లింకు కాకపోవడమే. అన్నయ్యకు పడిందా? ఇంకా నిక్షయ్ మిత్ర కింద ఎవరైనా దాతలు సరుకుల కిట్ ఇస్తున్నారేమో ఆశా కార్యకర్తను అడగండి.

ఆయన బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, లెక్క కట్టాను, 16 పైన కొద్దిగా ఉంది. ఇది బాగా తక్కువ. ఇంకా తగ్గినా, పాదాలు వాచినా, పట్టుకోకుండా నిలబడలేకపోయినా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఉంచొద్దు. తమిళనాడులో 2022 నుంచి ఇలాంటి గుర్తులు చూసి వెంటనే ఆసుపత్రిలో చేర్చుకునే పద్ధతి పెట్టారు. అంతగా చిక్కినవాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి కుక్కినా ప్రమాదమే, రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోతాయి. డాక్టర్ కళ్ల ముందు మెల్లగా పెంచాలి.

గోదారి_తమ్ముడు | బుధవారం, రాత్రి 9:40

మాత్రలు రాత్రికి మార్చమని యూనిట్‌లో ఒప్పుకున్నారు. సిరప్ కొనలేదు. అమ్మకు మేడమ్ రాసింది చదివి వినిపించాను. "పేగులో పుట్టేది నోటికి అడ్డం పడుతుందా" అని నమ్మలేదు గానీ, అన్నం దగ్గర అరవడం మాత్రం తగ్గించింది. పల్లీల గిన్నె వదిన పెట్టింది.

డబ్బు పడలేదు సార్. అన్నయ్య ఖాతా ఎప్పుడో ఆగిపోయింది. వదిన ఖాతా ఇస్తే కుదురుతుందా?

టీబీ_సూపర్‌వైజర్_ఉత్తరాంధ్ర | గురువారం, ఉదయం 6:30

ముందు ఆయన పేరు మీదే కొత్త ఖాతా తెరవడానికి చూడండి, పోస్టాఫీసు ఖాతా అయినా పనికొస్తుంది. అది తేలేలోపు కుటుంబసభ్యుల ఖాతా వాడుకోవడానికి వీలుందేమో మీ యూనిట్ సూపర్‌వైజర్‌ను అడగండి, ఆయన సంతకంతో రాయించుకుంటారు. వెళ్లేటప్పుడు ఇద్దరి ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్, టీబీ చికిత్స కార్డు తీసుకెళ్లండి. 11లోపు వెళ్తే మేలు, తర్వాత మేమంతా ఊళ్ల మీద ఉంటాం.